ఇటలీ ఇంజనుకి కొట్టిన కొబ్బరికాయి

“అమ్మమ్మా, రేపు రాంచీకి మన బండి మీదే వెళ్ళాలా? నెట్‌లో చూశాను. ఇటలీ కంపెనీ బండి, ఇంజన్ కా భరోసా నహీ అని అందరూ రాస్తున్నారు. దారిలో ఘాటీ మీద ఆగిపోతే నా ఇంటర్వ్యూ గయా.”

ఏటీ? ఎవులే ఆ మాటన్నది? నెట్టులోనా? ఆ నెట్టులో రాసినోడు ఎప్పుడైనా ఎనక సాంబారు కేను ఎట్టుకుని ఖర్కాయ్ బ్రిడ్జి దాటేడా? అడుగు, ఆడినే అడుగు. సెల్లులో రాసీడానికేటి, బొటనేలుంటే సాలు. ఇలా వచ్చి కూకో బుజ్జీ. ఆ సిక్కుడుకాయల పల్లెం ఇలా లాగు. ఈనెలు తీసుకుంటా ఇను. సేతులు ఖాళీగా ఉంటేనే బయ్యం ఎక్కువౌద్ది. పొద్దుట్నించీ సూత్తన్నాను, ఆ ఫైలు తీత్తావు, మూత్తావు, మల్లీ తీత్తావు. సర్టిఫికెట్లు ఎక్కడికీ పోవమ్మా.

ఈ బండి నా సేతికొచ్చినప్పుడు నువ్వు రెండు జడలేసుకుని రిబ్బన్లు ఊపుకుంటా స్కూలుకెల్లీదానివి. ఇప్పుడు నువ్వు బీటెక్కో, అదేటది, అది పాసైపోయి ఉద్యోగానికెల్తన్నావు. బండి మాత్రం అదే. ఇంజను ఇప్పిందీ లేదు, మార్చిందీ లేదు. ఆగిందా అంటే... ఆగింది, ఒక్కపాలి ఆగింది, నాను అబద్దం ఆడను. కానీ అది దాని తప్పు కాదు. ఎవుల తప్పో మీ సిన్నతాతనడుగు. అడిగితే నవ్వీసి అవతలికి పోతాడు. అందుకే నాను సెప్తాను.

అసలు ఇటలీ మీద నాకు గురి కుదిరింది మీ అమ్మ పుట్టినప్పుడు. కాదు, పుట్టక ముందు. మనం అప్పుడూ బర్మామైన్స్‌లోనే, ఇదే లైను, ఈ ఇల్ల వరసే. ఈ గోడ లేదు, పైన రేకులు, అంతే. మీ తాత ఫౌండ్రీలో ఠేకా మీద, కాంట్రాక్టు కూలీగా పన్జేసీవోరు. నాకు నొప్పులొచ్చీసరికి వాన. ఏ వాననుకున్నావు? రోడ్డేదో కాలవేదో తెలీలేదు. రిక్షావోడు రానన్నాడు. మీ తాత తడుసుకుంటా లగెత్తి ఫౌండ్రీ ఫోర్మేన్ దాదాని తీసుకొచ్చేరు. బెంగాలీ ఆయన, ఇంత బొజ్జ, మంచి మనిషి. ఆయనకో పాత కారుండీది. సిన్నది, అగ్గిపెట్టి మీద అగ్గిపెట్టి ఎట్టినట్టుండీది. నమూనా ఇటలీదంట, బొంబాయిలో తయారు సేసీవోరంట. ఆ నీల్లలోంచి తోలేడు దాదా. నాను ఎనక సీట్లో అరుత్తన్నాను, ముందు దాదా “చలో రానీ, చలో రానీ” అంటన్నాడు. నన్నే అంటన్నాడనుకున్నాను. కాదు, కారుని! ఇంజనుతోటి మాటాడతన్నాడు మహానుబావుడు. ఆగలేదమ్మా. ఆస్పత్రి మెట్ల కాడికి తీసుకెల్లి దించింది. మీ తాత తడి సేత్తోటే దాని బోనెట్టుకి దండం ఎట్టేరు. బిడ్డని తరవాత సూసేరు, ముందు కారుకి దండం. నాకు కోపమొచ్చింది గానీ, ఆలోచిత్తే నిజమే గదా.

అదిగో, అక్కడ పడింది ముద్ర. ఇటలీ అంటే ఆగదు అని.

ఆ తరవాత మీ తాత పోయేరు. పోయిన మనిషి కతలు ఇప్పుడొద్దు, సిక్కుడుకాయలు ఉప్పెక్కిపోతాయి. నాను ఇడ్లీలు మొదలెట్టేను. ప్లేటు రెండ్రూపాయలు అప్పుడు, సెట్నీ, సాంబారు ఎంత కావాలంటే అంత. ఇప్పుడు రెండ్రూపాయలకి కొత్తిమీర రెబ్బ కూడా రాదు. ఏటి సెప్తన్నాను? ఆ, ఇడ్లీలు. ముందు లైనోల్లకి, తరవాత టాటానగర్ స్టేషన్ కూలీలకి. అలాగ అలాగ నా పేరు ఇడ్లీ మౌసీ అయిపోనాది. మీ సిన్నతాత సింహాచలం, మా మరిది, గమ్హరియాలో తీగలు లాగీ కంపెనీలో సూపర్వైజరు గదా. ఆయనే అక్కడ కేంటీన్లో మాట్లాడి పొద్దుటి టిఫిన్ నాకిప్పించేడు. ఆ గుణం ఆయనకుంది, కాదన్ను. నోరే... నోరు మాత్రం సైరను.

బర్మామైన్స్ నించి గమ్హరియా అంటే ఊరు ఈ కొస నించి ఆ కొస గదా. ఆటో మీద అంపీదాన్ని. ఒకరోజు ఆటో రాదు, ఒకరోజు వచ్చినోడు తాగొచ్చేడు, ఒకరోజు బ్రిడ్జి కాడ గొయ్యిలో పడి సాంబారంతా ఆటో డ్రైవరు ఈపు మీద. ఆడు గెంతులు, నాకు ఏడుపు. కేంటీన్ మేనేజరు మిశ్రా సాబ్ పిలిచేడు. పొడుగాయన, గడియారం సేతి లోపలేపుకి ఎట్టుకునీవోడు. “మౌసీ, నీ ఇడ్లీ ఫస్ట్ క్లాస్. కానీ టీ బెల్లు మోగీలోపు ఇడ్లీ రాకపోతే మజ్దూర్లు నన్ను తింటారు” అన్నాడు. సొంత బండి సూసుకుంటాను సాబ్ అనీసేను. అనీసేను గానీ, బండి ఎక్కడిది?

జుగ్సలాయిలో బల్బీర్ మిస్త్రీ లేడూ? సర్దార్జీ, తెల్ల గెడ్డం. అప్పుడు నల్లగానే ఉండీది. ఆయన గేరేజీలో ఉంది ఈ బండి. ఎవులో బేంకాయన బదిలీ అయిపోయి ఒగ్గీసి పోయేడు. ఎవుడూ కొనడంలేదు. ఎందుకు? ఇటలీ! అదే పేరు, అదే బయ్యం. నాను సుట్టూ తిరిగేను. ఎనక తలుపు పైకి లేత్తే ఇడ్లీ కేన్లు నిలబడతాయా లేదా, అదే సూసేను. సర్దార్జీ స్టార్ట్ సేసేడు. అబ్బ, డీజిలు ఇంజను, గిన్నెలో ఆవాలు సిటపటలాడినట్టు సప్పుడు. “మౌసీ, లోపల బెల్టు కాదు, గొలుసు, తెగదు. నూనె టైముకి మార్చు, ఇంక దీని జోలికి పోకు” అన్నాడు. నాకు దాదా కారు గుర్తొచ్చింది. మీ తాత తడి సెయ్యి గుర్తొచ్చింది. తీసీసుకున్నాను.

తోలడం? సర్దార్జీయే నేర్పేడు, ఆయన గేరేజీ ఎనక గ్రౌండ్లో. సీర కుచ్చిల్లు దోపుకుని కూకున్నాను. ఫుట్‌బాల్ ఆడీ గుంటలు ఆట ఆపీసి నన్నే సూసీవోరు. “అరే, ఇడ్లీ మౌసీ పైలట్ బన్ గయీ” అని. గోల్ పోస్టుకి ఒక్కపాలి తగిలించేను. నవ్వకు. ఆ గీత ఇప్పటికీ ఉంది ముందు బంపరు మీద, రేపు సూసుకో.

బండి ఇంటికి తెచ్చిన రోజు మీ సిన్నతాత వచ్చేడు. లుంగీ ఎత్తి కట్టుకుని బండి సుట్టూ పెల్లికూతుర్ని సూసినట్టు తిరిగేడు. టైరు తన్నేడు.

“వదినా, ఇది ఎక్కడిది?”

“ఇటలీది.”

“ఇటలీ వోల్లు బూట్లు కుడతారు వదినా. కోట్లు కుడతారు. ఇంజన్లు వోల్లకేటి తెలుసు? నన్నడగొచ్చు గదా!”

“నిన్నడిగితే సైకిలు కొనమంటావు మరిదీ.”

“సైకిలు నయం. తోసుకునైనా పోవచ్చు. దీన్ని తొయ్యడానికి లైనంతా రావాల.”

లైనంతా నవ్వేరు. అంతటితో ఊరుకున్నాడా? ఆ నెల్లోనే ఆయన కొత్త బండి కొన్నాడు. వేరే కంపెనీది, ఎర్రది, ఊరంతా కొనీ బండి. సీటు మీద కవరు కూడా తియ్యలేదు, కూకుంటే పరపరలాడీది. పొద్దున్నే స్టార్ట్ సేసి నా గుమ్మం ముందు ఆపీవోడు. “ఇనుకో వదినా, ఇదీ ఇంజనంటే! పికప్ సూడు, మైలేజీ సూడు. నీది ఇటలీ మడిసి, మజ్జాన్నం పడుకుంటాది.” అనీసి పోయీవోడు.

ఇంటి కాడ అంటే పోనీలే. కంపెనీలో కూడా అన్నాడు. మిశ్రా సాబ్ ముందు నవ్వుతా, “భాభీ నే ఇటలీ కీ గాడీ లీ హై, భగవాన్ మాలిక్” అన్నాడంట, ఇంక దేవుడే దిక్కని. ఆయనకది సరదా. మిశ్రా సాబుకి సరదా కాదు గదా. పిలిపించేడు. “మౌసీ, నాకు ఇటలీ తెలీదు, జపాన్ తెలీదు. నాకు బెల్లు తెలుసు. ఒక్కరోజు బెల్లు తరవాత ఒచ్చేవా, కేంటీన్ ఇంకొకరికి ఇచ్చేత్తాను. ఇంకో మనిషి అప్పుడే అడుగుతన్నాడు” అన్నాడు. సూసేవా? మీ సిన్నతాత నోట్లోంచి పడిన ఒక్క ముక్కకి నా బతుకు గంట కొసకి వేలాడింది. అప్పుడు మీ అమ్మకి స్కూల్లో టీచరు ఉద్యోగం ఇంకా రాలేదు. ఇల్లంతా ఆ ఇడ్లీల మీదే.

మరి బండి ఏటి సేసింది? పన్జేసింది. అంతే. సలికాలం పొగమంచులో ఎల్లింది, ఎండాకాలం తారు కరిగీ రోడ్డు మీద ఎల్లింది, తిరిగొచ్చీటప్పుడు ఆదిత్యపూర్ సిగ్నలు కాడ ట్రక్కుల మధ్యన గంటలు నిలబడి కూడా ఏడెక్కలేదు. ఎనక సీటు పీకీసి బల్ల ఏయించేను. కుడేపు ఇడ్లీ కేన్లు, ఎడమేపు సాంబారు. మలుపు కాడ నాను బ్రేకు ఎయ్యను, ముందే కాలు తీసీదాన్ని, సాంబారు తులకకుండా. బెల్లు మోగీసరికి పల్లేల్లో ఇడ్లీలుండీవి. మిశ్రా సాబ్ గడియారం సూసుకోడం మానీసేడు. నన్ను సూసి గడియారం సరిసేసుకునీవోడు, కసమ్ సే.

“ఫిర్ రుకీ కైసే?”

ఎలాగాగిందా? ఆగు, వత్తన్నాను. అక్కడికే వత్తన్నాను. విశ్వకర్మ పూజ.

ఈ ఊల్లో విశ్వకర్మ పూజంటే తెలుసు గదా, దసరా కంటే ముందర ఇదే దసరా. ప్రతి మిషనూ కడుగుతారు, బొట్టెడతారు, దండేత్తారు. మన వోల్లు ఏటి సేత్తారు? దండతో ఊరుకుంటారా? మనది సిక్కోలు బక్తి. కొబ్బరికాయి కొట్టాల. ఎక్కడ కొట్టాల? మిషను మీదే కొట్టాల. మీ తాత వోల్లూ ఫౌండ్రీలో అంతే, ఆ ఇనప దిమ్మ మీద ఠాప్పున కొడితే నీల్లు దాని మీద పారాల, అప్పుడే ఆ యేడు మిషను మాటింటాది అని. ఇనుముకేటవుద్ది, నీల్లు ఆవిరైపోతాయి. అదే సెయ్యి, అదే అలవాటు.

ఆ యేడు లైనోల్లందరం బండ్లు ఇక్కడే పూజ సేసుకున్నాం, ఈ కొలాయి కాడ. సైకిల్లు, స్కూటర్లు, ఒక ఆటో, ఆ కొసన మీ సిన్నతాత ఎర్ర బండి, ఈ కొసన నాది. పంతులు ఎవులు? మీ సిన్నతాతే. పట్టుపంచి కట్టుకుని, బొట్టు ఎట్టుకుని, మంత్రాలు సగం ఆయనవి, సగం దేవుడివి. నా బండి కాడికొచ్చి బోనెట్టు తియ్యమన్నాడు. నాను నిమ్మకాయలు టైరు కింద ఎట్టేను, సాలులే మరిదీ అన్నాను. “అలాగంటే ఎలాగ వదినా, ఇటలీ దేవుడికి తెలుగు మంత్రం సెవిలో కాదు, గుండెల్లో పడాల” అనీసి, తిన్నగా ఇంజను మీదే కొట్టేడు కొబ్బరికాయి! నీల్లన్నీ లోపలికే. కుంకం, పూలు, బియ్యం, అన్నీ లోపలే సల్లేడు. తరవాత తన బండి కాడికెల్లి, సొంత బండి గదా, ప్రేమ ఎక్కువ, రెండు కొట్టేడు. అందరం సప్పట్లు కొట్టేం. ప్రసాదం తిన్నాం.

మర్నాడు పొద్దున్న కేన్లు ఎక్కించేను. తాలం తిప్పేను. గిర్ర్ గిర్ర్ అంటంది, అంటుకోదు. మల్లీ తిప్పేను. గిర్ర్ గిర్ర్. ఓలమ్మో! ఇడ్లీలు ఎనక పొగలు కక్కుతన్నాయి. బెల్లు గుర్తొచ్చింది. లైనంతా పల్లు తోముకుంటా బయటికొచ్చేరు. మీ అమ్మ బిక్కమొహం ఏసుకుని గుమ్మంలో నిల్చుంది. మీ సిన్నతాత భుజమ్మీద తువ్వాలేసుకుని వచ్చేడు.

“సెప్పేను గదా వదినా.”

అంతే అన్నాడు. ఆ మూడు ముక్కలూ సాలు గదా. అందరూ సూత్తన్నారు, ఇటలీ సచ్చింది అన్నట్టు.

నాకు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. సర్దార్జీకి ఫోన్ సెయ్యమన్నాను మీ అమ్మని. సేసి, ఆయనొచ్చీలోపు ఏటి సెయ్యాల, బండి ముందర గొంతుకూకున్నాను. అప్పుడు సూసేను. సీమలు.

“చీంటియాఁ?”

అదే. సీమలు. ఎర్ర సీమలు, బారు తీసి, టైరు మీదనించి పైకి, బోనెట్టు సందులోంచి లోపలికి. పెల్లిబోజనానికి ఎల్లినట్టు ఎల్తన్నాయి. సీమలకి డీజిలు మీద ప్రేమేటి? నాను వంటింటి మనిషిని గదమ్మా, సీమ ఎక్కడికెల్తే అక్కడ తీపుంటాదని నాకు ఒకలు సెప్పాలా? బోనెట్టు తీసేను. గుప్పుమని కొబ్బరినీల్ల వాసన, పులిసిపోయి. వైర్లు కలిసే ఆ ప్లగ్గుల సందుల్లో సీమలు, ముద్దలు ముద్దలుగా.

సర్దార్జీ స్కూటరు మీద వచ్చేడు. సూసేడు. గెడ్డం గోక్కున్నాడు. “మౌసీ, ఇంజనుకి బీమారీ ఏటీ లేదు. ప్రసాదం ఎక్కువైపోయింది” అన్నాడు. ప్లగ్గు ఊడదీసేడు, బోర్లించేడు. కొబ్బరినీల్లు కారేయమ్మా! ఒక బియ్యపు గింజ, ఒక బంతిపూ రేక. తుడిసేడు, ఊదేడు, ఏదో స్ప్రే కొట్టేడు. ఇంకో ప్లగ్గు. మల్లీ ఊదేడు. పోయి తాలం తిప్పు అన్నాడు.

తిప్పేనో లేదో... ఆవాలు సిటపటలాడినట్టే, అదే సప్పుడు! అబ్బ. ఇప్పటికీ ఆ సప్పుడు తలుసుకుంటే, ఇదిగో సూడు, రోమాలు సూడు.

“నారియల్ ఎవులు కొట్టేరు?” అన్నాడు సర్దార్జీ, అందరేపూ సూసి.

అందరూ మీ సిన్నతాత కోసం ఎతికేరు. లేడు! ఎక్కడికెల్లేడు? ఆ కొసన, తన ఎర్ర బండిలో కూకున్నాడు, అద్దాలేసుకుని. లోపల్నించి సప్పుడు వినపడతంది సన్నగా. గిర్ర్ గిర్ర్. గిర్ర్ గిర్ర్.

ఓలమ్మా, ఎల్లి సూద్దుము గదా, ఆ టైరు మీద కూడా సీమలు! మా బారు కంటే పెద్ద బారు. రెండు కాయలు గదా మరి.

“దిగయ్యా మరిదీ” అన్నాను. దిగేడు. ముఖం సూడాల. పట్టుపంచి పంతులు ఎక్కడికో పోయేడు. సర్దార్జీ బోనెట్టు లేపేడు. పైన నల్ల మూత, ప్లాస్టిక్‌ది, దాని మీద వోల్ల కంపెనీ పేరు పెద్దక్షరాలు. ఆ మూత ఊడదీసి పక్కనెట్టేడు. నాను సూసేను. నా బండేపు సూసేను. మల్లీ ఇటు సూసేను. బుజ్జీ, కవల పిల్లలమ్మా! అదే గొట్టం, అదే వంపు, అదే ప్లగ్గు, అదే సీమలు.

“ఇదేటి సర్దార్జీ, ఇది మాదానిలాగే ఉంది?”

“ఉండదా మౌసీ? ఇదీ ఇటలీదే. వోల్ల దగ్గిర హక్కు కొనుక్కుని ఇక్కడ సేత్తారు. సగం ఊరు ఈ ఇంజను మీదే తిరుగుతంది. మూత మీద పేరు మారుద్ది, అంతే.”

నాకు నవ్వాగలేదు. “ఏటయ్యా మరిదీ! పిండి ఒక్కటే, ఇడ్లీ రేకులు రెండు. ఇన్నాల్లూ నా గుమ్మం ముందుకొచ్చి పికప్ సూడు, మైలేజీ సూడు అని పొగిడింది ఎవుల్నయ్యా? బూట్లు కుట్టీ వోల్లనేనా?”

లైనంతా ఘొల్లుమన్నారు. పల్లు తోముకునీ వోల్లు నురగ మింగీసేరు. మీ అమ్మ నవ్వి నవ్వి గుమ్మానికి జారబడిపోయింది. మీ సిన్నతాత తువ్వాలు తీసి తల మీద ఏసుకున్నాడు, ఇంటి కోడలు ముసుగేసుకున్నట్టు. “మరి నాకెవులూ సెప్పలేదు గదా” అన్నాడు సన్నగా. కంపెనీవోడు ఇంటికొచ్చి సెప్పాలంట!

ఆయన బండికి నీల్లు లోతుకెల్లిపోయేయి, మజ్జాన్నం దాకా ఎండలో ఆరాల అన్నాడు సర్దార్జీ. ఇక్కడ బెల్లు నా ఒక్కదానికే కాదు, ఆయనకీ ఉంది గదా డ్యూటీ. ఆటో ఎతుక్కునీ టైము లేదు. నా ముందు సీటు తలుపు తీసేను.

“ఎక్కు.”

“నువ్వెల్లు వదినా, నేను...”

“ఎక్కవయ్యా. ఇటలీ మడిసి ఇంకా పడుకోలేదు, పొద్దున్నే గదా.”

ఎక్కేడు. సెట్నీ కేనుకి ఎనక సోటు లేదు. ఒల్లో ఎట్టేను. సూపర్వైజరు బాబు ఒల్లో సెట్నీ కేను ఎట్టుకుని, రెండు సేతుల్తో కావలించుకుని కూకున్నాడు. బయల్దేరేం. జుగ్సలాయి దాటేం, బిష్టుపూర్ దాటేం. ఆ రోజు తోలేను సూడు! బ్రిడ్జి ఎక్కీసరికి ట్రక్కుల మధ్యన సందు దొరికింది, దూరిపోయేను.

“వదినా, నెమ్మది, నెమ్మది, సెట్నీ తులుకుతంది!”

“బేగి ఎల్లాల మరిదీ. ఇటలీ బండి గదా, దారిలో ఆగిపోద్దేమో అని నా బయ్యం.”

ఇంక మాటాడితే ఒట్టు. గమ్హరియా దాకా నోరు మూసుకుని కూకున్న సింహాచలాన్ని సూసింది ఈ బూమ్మీద నానొక్కదాన్నే.

గేటు కాడ మిశ్రా సాబ్ నిల్చున్నాడు. ఆ రోజు మల్లీ గడియారం సూసుకుంటన్నాడు. పక్కన ఇంకో మనిషి, కేంటీన్ కావాలన్న ఆడే అనుకుంటాను, సంకలో సంచీ ఎట్టుకుని. నాను లోపలికి తోలీసి, ఎనక తలుపు లేపి, మొదటి కేను బల్ల మీద ఎట్టేను. మూత తీసేను. ఆవిరి వచ్చింది. అప్పుడు మోగింది బెల్లు. నా సెవులో ఇప్పటికీ మోగతంది అది. గుడి గంట కంటే బాగా మోగింది ఆ రోజు.

మిశ్రా సాబ్ మీ సిన్నతాతని సూసేడు. సెట్నీ కేను ఇంకా ఒదల్లేదు పాపం. “క్యా సింహాచలం, తుమ్హారీ గాడీ కహాఁ హై?” అని ఆయన బండి ఏదని అడిగేడు.

నాను సెయ్యి నడుం మీద ఏసుకుని నిల్చున్నాను, ఏటంటాడో ఇందామని. ఆయన గొంతు సవరించుకుని, సెట్నీ కేను దించి, అన్నాడు గదా: “సాబ్, మా ఇంట్లో ఇటలీ ఇంజన్లు రెండున్నాయి. ఒకటి ఇల్లు కాపలా కాత్తంది, ఒకటి డ్యూటీకొచ్చింది. ఇంజనంటే ఇటలీదే సాబ్, నేను మొదట్నించీ సెప్తానే ఉన్నాను!”

మొదట్నించీ సెప్తన్నాడంట! ఎలా ఉంది? నాకు కొట్టాలో ముద్దెట్టుకోవాలో తెలీలేదు. మిశ్రా సాబ్ పడీ పడీ నవ్వేడు. ఆ సంచీవోడు మరి కనపడలేదు. లేటయితే పీకేత్తాను అనీ మాట మల్లీ ఆ నోట రాలేదు. తరవాత పక్క షెడ్డు టిఫిన్ కూడా నాకే ఇచ్చేడు. నీ కాలేజీ బస్సు, నీ పుస్తకాలు, నీ హాస్టలు, అవన్నీ ఆ ఎనక బల్ల మీంచి దిగినవే. అందుకే ఎవులైనా ఆ బండిని మాటంటే నాకు కడుపు మండుద్ది.

ఏటో, ఆ కంపెనీ మన దేశంలో దుకానం ఎత్తీసింది, ఇంక కొత్త బండ్లు అమ్మదు అని తెలిసినప్పుడు మల్లీ మొదలెట్టేరు లోకులు. సూసేవా మౌసీ, పారిపోయేరు, సామాన్లు దొరకవు అని. దుకానం ఎత్తేత్తే ఇంజను ఎత్తేసినట్టా? సర్దార్జీ కొడుకు గేరేజీకెల్లి అడుగు. ఆ నూనె ఫిల్టరు ఏ దుకానంలో అడిగినా ఇత్తాడు, ఎందుకు? ఊరంతా తోలీ బండ్లకీ అదే గదా. పేరు సూసి భయపడతారు, మూత తీసి సూడరు. నీ నెట్టులో రాసినోడు కూడా ఆ ఇంజను మీదే కూకుని రాసుంటాడు, సూసుకో. ఆడి బోనెట్టు ఒకసారి లెగదియ్యమను.

“సచ్ మే అమ్మమ్మా? అయితే రేపు పక్కా వెళ్తుందంటావా?”

ఎల్తాది. మొన్నే నూనె మార్పించేను, టైర్లలో గాలి సూయించేను. తైమారా ఘాటీ దానికి లెక్క కాదు, గేరు తగ్గించి తోలు, దాన్ని ఉరికించకు. నువ్వే తోలు. లైసెన్సు తీసుకున్నది దేనికి, అల్మారాలో దాసుకోడానికా? మీ అమ్మ పక్కన కూకుంటాది. ఇడ్లీలు కట్టిత్తాను, బుండూ దాటేక ఎక్కడైనా సెట్టు నీడన ఆపి తినండి. ఉత్త కడుపుతో ఆ పెద్దమనుషుల ముందు కూకోకు, కడుపు గురగురమంటే నీకే సిగ్గు. ఏటడుగుతారు వోల్లు? వచ్చింది సెప్పు. రానిది రాదను. మీ సిన్నతాతలాగ మొదట్నించీ తెలుసు అనకు.

అన్నట్టు ఆయన కూడా వత్తన్నాడు. ఫోన్ సేసేడు. రాంచీలో కల్లడాక్టరుకి సూపించుకోవాలంట. నీకు ఇప్పుడు ఆ పెద్ద బండి ఉంది గదా మరిదీ, కొత్తది, తెరలూ గిరలూ ఉన్నాది, దాని మీద ఎల్లు అన్నాను. “లేదు వదినా, దూరాబారం గదా, నీ ఇటలీ మీదే వత్తాను” అన్నాడు. ఇన్నావా? ఇంక నీకు ఏ నెట్టు కావాల?

ఇదిగో, తాలం. నీ దగ్గిరే ఉంచుకో. ఇలా తల వంచు. సల్లగా ఎల్లి సల్లగా రా తల్లీ, నువ్వెల్లిన సోట నీ మాట నెగ్గాల, నీ కుర్సీ నీకోసం ఖాళీగా ఉండాల... ఏడుపెందుకే? ఈనెలు తీసిన సేత్తో కల్లు తుడుసుకోకు, మండుద్ది.

నిమ్మకాయలు నాను ఎడతాను టైరు కింద. కొబ్బరికాయి గుమ్మం రాయి మీద కొడతాను, బండికి అంత దూరంలో. నువ్వు ఒక్క పని సెయ్యి. మీ సిన్నతాత ఎక్కీముందు ఆయన సంచీ ఓపాలి ఇప్పి సూడు. బరువుగా, గుండ్రంగా ఏదైనా తగిలితే... ఇక్కడే దించీసి, అప్పుడు ఎక్కించు...